ఆసీన ధ్రువపత్రం

వెలగలంక పురపాలక సంఘంలో మంచినీళ్ళ గొట్టాల లీకులు పట్టడానికి ముప్పై ఒక్క ఏళ్ళపాటు ఒక చెవి పనిచేసింది. అది ఫిట్టరు అబ్బులు కుడి చెవి. ఎడమ చెవి కూడా మంచిదే గాని, దానికి ఎప్పుడూ బీడీ అడ్డం.

పొద్దున్నే ట్యాంకు నుంచి నీళ్ళు వదిలే వేళకి అబ్బులు గునపం భుజాన వేసుకుని బయల్దేరేవాడు. గునపం మొన రోడ్డుకి ఆనించి, పైకొనకి చెవి పెట్టి, కళ్ళు మూసుకునేవాడు. కింద గొట్టం బాగుంటే నీళ్ళు చప్పుడు లేకుండా పోతాయి. చిల్లి ఉంటే బుస్సుమంటాయి. "ఇక్కడ తవ్వండి" అనేవాడు. తవ్వితే లీకు ఉండేది. సర్వీసు మొత్తంలో రెండుసార్లు తప్పాడు. ఒకసారి జలుబు చేసింది. రెండోసారి పక్కింట్లో ఎవరో మిక్సీ వేశారు.

ఈ పద్ధతిలో ఉన్న లోపమల్లా, ఇందులో కాగితం లేదు.

కొత్తగా వచ్చిన కమిషనర్ నిరంజనరావు గారు ఆ లోపాన్ని మొదటి సమీక్షా సమావేశంలోనే పట్టేశారు. సున్నపుబట్టీ వీధిలో తూము దగ్గర గొట్టం పగిలిందనీ, తవ్వడానికి అనుమతి కావాలనీ అబ్బులు నిలబడి చెప్పాడు.

"పగిలినట్టు ఆధారం ఏమిటి?" అన్నారు కమిషనర్ గారు.

"వినబడిందండి."

"ఎవరికి?"

"నాకేనండి."

"దాన్ని ఫైల్లో ఎలా పెట్టడం?"

అబ్బులు చెవి తడుముకున్నాడు. కమిషనర్ గారు ఆ చెవి వంక చాలాసేపు చూశారు, ఫైలు ట్యాగు వెయ్యడానికి చిల్లి ఎక్కడ పొడవాలా అన్నట్టు. తర్వాత అనుమతిని వాయిదా వేశారు.

వాయిదా పడిన ఆ వీధిలోనే అబ్బులు చెల్లెలు మంగతాయారు ఉంటుంది. ఇడ్లీ బండి నడుపుకుంటుంది. అక్కడ మంచినీళ్ళ గొట్టం మురిక్కాలవలోంచి పోతుంది. గొట్టానికి చిల్లి పడితే నీళ్ళున్నంతసేపూ నీళ్ళు బయటికి పోతాయి, నీళ్ళు ఆగగానే మురుగు లోపలికి వస్తుంది. మంగతాయారు మనవరాలు సంధ్య, అయిదేళ్ళది, ఆ నెలలో రెండుసార్లు వాంతులూ విరేచనాలూ అయి ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకుని వచ్చింది. వీధిలో ఇంకా పదిమంది మంచాన పడ్డారు. "ఆ గొట్టం సంగతి చూస్తానమ్మా" అని అబ్బులు చెల్లెలికి మాటిచ్చాడు. మాటివ్వడానికి అతనికి ఏ అనుమతీ అక్కర్లేకపోయింది.

ఈలోగా కమిషనర్ గారు రాజధానిలో నీటి నిర్వహణ మీద మూడు రోజుల సదస్సుకి వెళ్ళారు. భోజనాలయ్యాక అక్కడ ఒక సినిమా వేశారు. ఏదో చలిదేశంలో ఒక కుక్క నడుచుకుంటూ వచ్చి రోడ్డు మధ్య కూర్చుంది. అక్కడ తవ్వారు. గొట్టం పగిలి ఉంది. భోజనం తర్వాత వేసిన సినిమా కాబట్టి మిగతావాళ్ళు నిద్రపోయారు. కమిషనర్ గారు మాత్రం మేలుకుని చూశారు. వెలగలంక దురదృష్టం అక్కడ మొదలైంది.

"మనం ఇంకా చెవుల యుగంలోనే ఉన్నాం," అన్నారాయన తిరిగొచ్చిన మర్నాడు. "ప్రపంచం ముక్కుల యుగంలోకి వెళ్ళిపోయింది. ఎవిడెన్స్ బేస్డ్ గవర్నెన్స్ అంటే అదీ."

పక్కనే ఉన్న డీఈ వేదాంతం గారు "అవును సార్, ముక్కే కరెక్టు సార్" అన్నారు. డిప్యూటీ ఇంజనీరుగా ఆయన ఇరవయ్యేళ్ళ సర్వీసులో పైవారి మాటకి చివర సార్ తగిలించి తిరిగి వాళ్ళకే అప్పజెప్పడం తప్ప మరో తప్పు చెయ్యలేదు.

కుక్కని తెప్పించాలని తీర్మానం పాసయింది. కుక్కకి తోడుగా శిక్షణకి ఎవర్ని పంపాలని సీనియారిటీ జాబితా పైనుంచి చదివారు. జాబితాలో ఉన్నవాళ్ళందరికీ కుక్క వెంట్రుకలు పడవని ఆ మధ్యాహ్నమే తేలింది. అబ్బులు పేరొచ్చేసరికి డాక్టరు సర్టిఫికెట్లు అయిపోయాయి.

శిక్షణ కేంద్రం ఎక్కడో దూరాన కొండల్లో ఉంది. అక్కడ అబ్బులుకి లేతపసుపు రంగు లాబ్రడార్ ఆడకుక్కని అప్పగించారు. ఫైల్లో దాని పేరు జలశునకం ఒకటి. అబ్బులు బుల్లెమ్మ అని పిలిచాడు. అది మొదటిరోజే ఆ పేరుకి తోకూపింది, ఫైల్లో పేరుకి చివరిదాకా పలకలేదు.

శిక్షణ ఇచ్చేవాడు సైన్యంలో చేసి వచ్చిన ఒక సుబేదారు. అయిదు డబ్బాలు వరసగా పెట్టేవాడు. నాలుగింటిలో బావినీళ్ళు, ఒకదాన్లో క్లోరిన్ కలిపిన నీళ్ళు. బుల్లెమ్మ వాసన చూసుకుంటూ వెళ్ళి, క్లోరిన్ డబ్బా దగ్గర కూర్చుంటే ఎర్రబంతి దొరికేది. వేరే దాని దగ్గర కూర్చుంటే ఏమీ దొరికేది కాదు. తర్వాత అదే డబ్బాని మట్టిలో పాతి పెట్టేవాడు. మూడు నెలలయ్యేసరికి అది మూడడుగుల లోతున్న వాసన కూడా పట్టేసింది.

"ఒక్కటి గుర్తుపెట్టుకో," అన్నాడు సుబేదారు, వచ్చేసేముందు. "దీనికి లీకంటే తెలీదు. గొట్టమంటే తెలీదు. తాగేనీళ్ళలో కలిపే క్లోరిన్ వాసన తెలుసు. నేల్లోంచి ఆ వాసనొస్తే కూర్చుంటుంది. రాకపోతే కూర్చోదు. దీనికి అబద్ధం నేర్పడం మాత్రం మా వల్ల కాదు."

అబ్బులు గుర్తుపెట్టుకున్నాడు. ఊళ్ళో ఇంకెవరూ అడగలేదు గనక ఇంకెవరికీ చెప్పలేదు.

కుక్క రైలు దిగిన రోజే ఉత్తర్వులు సిద్ధంగా ఉన్నాయి. కమిషనర్ గారు స్వయంగా రాసుకున్నారు.

"ఒకటి. ఈ పురపాలక సంఘ పరిధిలో లీకు అనగా శిక్షణ పొందిన శునకము ఆసీనమైన స్థలము. రెండు. శునకము ఆసీనము కాని స్థలమున నీరు పైకి ఎగజిమ్ముచున్ననూ అది లీకుగా పరిగణింపబడదు. మూడు. శునకము ఆసీనమైన ప్రతి స్థలమునకు ఆసీన ధ్రువపత్రము జారీచేసి, ఇరువది నాలుగు గంటలలోగా తప్పనిసరిగా తవ్వవలెను. నాలుగు. ఫిట్టర్లు గునపములకు చెవులు ఆనించుట ఇందుమూలముగా నిషేధించడమైనది."

నాలుగో అంశం చదివి అబ్బులు నొచ్చుకున్నాడు గాని, మూడోది చూసి సంతోషించాడు. బుల్లెమ్మ ఒక్కసారి సున్నపుబట్టీ వీధిలో కూర్చుంటే చాలు, చెల్లెలికిచ్చిన మాట తీరిపోతుంది. ఆ సాయంత్రమే తీసుకెళ్ళాడు. వెనకాల డీఈ గారు ధ్రువపత్రాల పుస్తకం పట్టుకుని వచ్చారు.

తూము పక్కన నీళ్ళు బుడబుడమని పైకొస్తున్నాయి. వీధి వీధంతా గుమిగూడింది. బుల్లెమ్మ వచ్చింది. నీళ్ళ దగ్గర ముక్కు పెట్టింది. చుట్టూ తిరిగింది. రెండుసార్లు తుమ్మింది. తర్వాత అబ్బులు మొహంలోకి చూసి, ఇక్కడేం లేదన్నట్టు ముందుకి నడిచింది.

"ఏంటన్నయ్యా, మీ కుక్కకి గానీ జలుబు చేసిందేంటి?" అంది మంగతాయారు.

అబ్బులు మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తుమ్మింది. మూడోసారి తిప్పబోతే డీఈ గారు చెయ్యడ్డం పెట్టారు.

"చాలయ్యా. శునకం స్పష్టంగా చెప్తోంది. ఇక్కడ లీకు లేదు."

"నీళ్ళు కనపడ్డంలేదాండి మీకు?" అంది మంగతాయారు. "కాళ్ళు తడుస్తున్నాయి గదండి."

డీఈ గారు బూట్లు పైకెత్తి చూసుకున్నారు. "నీళ్ళున్నాయమ్మా. లేవనడం లేదు. అవి లీకు నీళ్ళు అనడానికి ఆధారం లేదు. ఊట కావచ్చు."

అన్నంత పనీ చేశారు. లీకు కానిది పైకొస్తే ఊటే అవుతుందని ఆఫీసులో నోట్ రాశారు. ఊట ప్రకృతి సంపద గనక ఫైలు పర్యాటక శాఖకి వెళ్ళింది. మామూలుగా ఏళ్ళు పట్టే ఫైలు పదిరోజుల్లో తిరిగొచ్చింది. తూము పక్కన సిమెంటు దిమ్మ కట్టి, పచ్చరంగు బోర్డు పాతారు. "సహజ జలధార. ఇచ్చట బట్టలు ఉతకరాదు." ఆ దిమ్మ కోసం తవ్వినప్పుడు గొట్టానికి ఇంకో దెబ్బ తగిలి ధార మరికాస్త పెరిగింది. పర్యాటక శాఖవారు ఫొటో తీసుకున్నారు.

నెలరోజులపాటు అబ్బులూ బుల్లెమ్మా ఊరంతా తిరిగారు. ముప్పై రెండు వీధులు. నీళ్ళు చిమ్ముతున్న చోట్లు, రోడ్డు కుంగిన చోట్లు, గోడలు నానిన చోట్లు. బుల్లెమ్మ ఎక్కడా కూర్చోలేదు. మధ్యమధ్య అలిసిపోయి కూర్చోవాలనిపించినా, బంతి రాదని తెలుసు కాబట్టి పడుకునేది. పడుకోవడం గురించి ఉత్తర్వుల్లో ఏమీ లేదు.

కమిషనర్ గారి ఆనందానికి హద్దు లేదు. "పోయినేడాది ఈ ఊళ్ళో నూటపదకొండు లీకులు," అన్నారు విలేకరులతో. "ఈ నెల సున్నా. ఒక్క గొట్టం మార్చకుండా, ఒక్క గొయ్యి తవ్వకుండా సాధించాం. దీన్నే పాలనా సంస్కరణ అంటారు."

లీకు రహిత పట్టణం అనే బిరుదుకి వెలగలంక పేరు పైకి వెళ్ళింది. సంధ్య మూడోసారి ఆస్పత్రికి వెళ్ళింది.

ఆస్పత్రి వరండాలో అబ్బులు చెల్లెలి పక్కన కూర్చున్నాడు. పిల్ల చేతికి గొట్టం పెట్టి ఉంది. మంగతాయారు సెలైన్ చుక్కలు లెక్కపెడుతోంది. ఏదైనా అంటే బాగుండుననిపించింది అతనికి. ఇంటికి రాగానే బుల్లెమ్మని పెరట్లోకి తీసుకెళ్ళి, శిక్షణ కేంద్రంవాళ్ళిచ్చిన క్లోరిన్ డబ్బా మూత తీసి కంపోస్టు గుంటలో దాచాడు. బుల్లెమ్మ నేరుగా వెళ్ళి దాని దగ్గర టక్కున కూర్చుంది. ముక్కులో లోపం లేదు. కొళాయి నీళ్ళు బిందెడు పట్టి పెట్టాడు. వాసన చూసి వెళ్ళిపోయింది. అప్పుడు సుబేదారు మాట గుర్తొచ్చింది అబ్బులుకి. ఒళ్ళు మండిపోయింది.

సైకిలేసుకుని వాటర్ వర్క్స్‌కి వెళ్ళాడు. అక్కడి ఆపరేటరు గాబ్రియేలు ట్యాంకు మెట్ల మీద కూర్చుని రిజిస్టరు రాస్తున్నాడు.

"నీళ్ళలో బ్లీచింగు వేస్తన్నావా గాబ్రియేలూ?"

"ఇస్తే వేత్తాను బావా," అన్నాడు గాబ్రియేలు. "నెల మొదట్లో బస్తాలొత్తాయి. ఇంతలో ఎవరో పెద్దమనిషి ఊరికొత్తాడు. బస్తాలు రోడ్డుకెళ్ళిపోతాయి. నీకు తెలీనిదేముంది?"

అబ్బులుకి తెలియనిదేం కాదు. ఊరికి ఏ ప్రముఖుడొచ్చినా రోడ్డుకి అటూ ఇటూ తెల్లగా బ్లీచింగు గీత గియ్యాలి. గీత లేకపోతే ఆ పెద్దమనిషికి అగౌరవం. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు, ఒకటి రెండుసార్లు తనూ చల్లాడు. అయితే ఆ గీతలన్నీ ట్యాంకులో పడాల్సినవని ఎప్పుడూ తోచలేదు. ఈ నెల్లో ప్రారంభోత్సవాలు ఏడు జరిగాయి; ఆ రోజుల్లో బుల్లెమ్మకి సెలవు, గీతలు రాత్రికే ఊడ్చేసేవారు.

"మరి ఈ రిజిస్టర్లో ఏంటి రాత్తన్నావు?"

"క్లోరిన్. రోజూ సున్నా పాయింటు అయిదు."

"ఇయ్యాళ పద్దెనిమిదో తారీకు. ముప్పయ్యో తారీకు దాకా రాసేశావేంటి?"

"ఎల్లుండి మా బావమరిది పెళ్ళి బావా. లీవులో ఎల్తన్నాను."

మర్నాడు అబ్బులు కమిషనర్ గారి గది ముందు రెండు గంటలు నిలబడి లోపలికి వెళ్ళాడు. "అయ్యా, నీళ్ళలో మందు లేదండి. అందుకే కుక్క కూర్చోటం లేదండి. లీకులున్నాయండి. పసిపిల్లలు పడిపోతన్నారండి."

కమిషనర్ గారు ఓపిగ్గా విన్నారు. "చూడు అబ్బులూ. నువ్వున్నది లీకేజీ వింగ్. నీటి నాణ్యత వేరే వింగ్. ఒక వింగువాడు ఇంకో వింగులో వేలు పెడితే వ్యవస్థలెలా నడుస్తాయి? పైగా నీళ్ళలో క్లోరిన్ ఉన్నట్టు రిజిస్టరు చెప్తోంది, నెలాఖరు దాకా కూడా. ఊళ్ళో లీకులు లేవని శునకం చెప్తోంది. రెండూ రికార్డులో ఉన్నాయి. నువ్వు చెప్పేది రికార్డులో లేదు."

డీఈ గారు "రికార్డే కరెక్టు సార్" అన్నారు.

ఆ శుక్రవారమే బిరుదు ప్రదానానికి మంత్రిగారి రాక ఖరారైంది. బిరుదిచ్చేముందు ఈ అద్భుత శునకాన్ని కళ్ళారా చూస్తానని మంత్రిగారు కబురు పెట్టారు. ఆఫీసులో గాభరా పుట్టింది. నెలరోజులుగా కూర్చోని కుక్కని మంత్రిగారి ముందు ఒక్కసారైనా కూర్చోబెట్టాలి. కానీ నిజంగా లీకు మీద కూర్చోకూడదు, కూర్చుంటే బిరుదు పోతుంది. ఆలోచించగా ఆలోచించగా డీఈ గారికే తట్టింది. టౌన్‌హాలు ముందు పూలకుండీలో క్లోరిన్ డబ్బా పాతిపెడతారు. బుల్లెమ్మ వంతెన దగ్గర్నుంచి మంత్రిగారితో నడిచొచ్చి అక్కడ కూర్చుంటుంది. దాన్ని ప్రదర్శన లీకు అంటారు. లెక్కలోకి రాదు.

శుక్రవారం పొద్దున్న అబ్బులు బుల్లెమ్మని తీసుకుని వంతెన దగ్గరికొచ్చాడు. అక్కడే ఆగిపోయాడు. వంతెన నుంచి టౌన్‌హాలు దాకా, వారం కిందట వేసిన కొత్త తారురోడ్డుకి అటూ ఇటూ బ్లీచింగు గీతలు. మామూలు గీతలు కావు, జానెడు వెడల్పున, బారు పొడుగునా, చివర్లలో పద్మాలు కూడా వేశారు. గాలికి ఊరంతా ఘాటెత్తిపోతోంది.

"అయ్యా," అన్నాడు డీఈ గారి దగ్గరికెళ్ళి, చిన్నగా. "ఈ గీత ఉన్నంత మేరా బుల్లెమ్మ కూర్చుంటుందండి. గీతన్నా తీయించండి, కుక్కనన్నా మానిపించండి."

"గీత ప్రోటోకాల్. కుక్క ప్రోగ్రాం," అన్నారు డీఈ గారు. "రెండూ అప్రూవ్ అయిపోయాయి. ఇప్పుడెలా తీస్తాం?"

చెప్పాల్సింది చెప్పాడు. ఇక బుల్లెమ్మ ఇష్టం అనుకున్నాడు అబ్బులు.

మంత్రిగారు కారు దిగారు. దండలు, ఫొటోలు. కమిషనర్ గారు వినయంగా ముందుకొచ్చి ఉత్తర్వులు వివరించారు. "శునకం కూర్చుంటే లీకు సార్. కూర్చోకపోతే కాదు. మానవ ప్రమేయం లేదు. శునకం పొరబడే ప్రశ్నే లేదు."

"బావుంది. కానివ్వండి," అన్నారు మంత్రిగారు.

అబ్బులు తాడు వదులు చేశాడు. బుల్లెమ్మ రెండడుగులు వేసి కూర్చుంది.

మంత్రిగారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. అబ్బులు బంతి ఇచ్చి తీసుకున్నాడు. బుల్లెమ్మ లేచి ఇంకో రెండడుగులు వేసి కూర్చుంది. మళ్ళీ చప్పట్లు. మళ్ళీ బంతి. పదోసారికి చప్పట్లు పల్చబడ్డాయి. నెలరోజులు బంతి మొహం చూడని కుక్క, ఆ రోజు దానికి పండగ. తోక రోడ్డుకేసి టపటపా కొడుతూ, గీత పొడుగునా లేస్తూ కూర్చుంటూ వచ్చింది. పద్మం దగ్గరికి రాగానే మధ్యలో కూర్చుని ఇంక లేవనంది.

"అలిసిపోయిందా ఏమిటి?" అన్నారు మంత్రిగారు.

"లేదు సార్, డిటెక్ట్ చేస్తోంది," అన్నారు కమిషనర్ గారు. ఆయన చొక్కా వీపున అంటుకుపోయింది. కుక్క పొరబడిందంటే, ఊళ్ళో లీకులు లేవన్నదీ ఆ కుక్కే గనక బిరుదు పోతుంది. పొరబడలేదంటే కొత్తరోడ్డు కింద అడుగడుక్కీ లీకులున్నట్టు, అప్పుడూ బిరుదు పోతుంది. ఆయన రెంటికీ మధ్య ఏదైనా మాట దొరుకుతుందేమోనని ఆకాశం వంక చూశారు.

విలేకరులు లెక్కపెడుతున్నారు. టౌన్‌హాలు దగ్గరికొచ్చేసరికి నలభై ఒకటి. చివరికి పూలకుండీ దగ్గర మాత్రం బుల్లెమ్మ ఆగలేదు. దాని ముక్కు నిండిపోయింది.

"మీ ఉత్తర్వుల్లో మూడో పాయింటు ఏదో ఉందే," అన్నారు మంత్రిగారు శాలువా మడతపెట్టి పీఏకి ఇచ్చేస్తూ. "ఇరవై నాలుగ్గంటల్లో తవ్వాలని. తవ్వించండి. నేను చూసి వెళ్తాను."

నలభై ఒక్క ధ్రువపత్రాలు రాయడానికే గంట పట్టింది. తర్వాత తవ్వారు. నలభై ఒక్క గోతుల్లో ఒక్కదాంట్లోనూ తడి లేదు. ఆ వైపు అసలు గొట్టమే లేదు. కొత్త తారు ఎంత మందాన వేశారో మాత్రం ఊరందరికీ తెలిసింది. అది వేలుతో కొలిస్తే గోరు దాటలేదు. కారు గోతులకి అవతల ఉండిపోగా, మంత్రిగారు రెండో కార్యక్రమానికి ఎవరిదో మోటారుసైకిలు వెనక కూర్చుని వెళ్ళారు.

విచారణకి ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. అందులో ఒక పశువైద్యుడు ఉన్నాడు. ఆయన బుల్లెమ్మ ముక్కులో లైటు వేసి చూసి, నిర్దోషి అని రాశాడు. మరి దోషి ఎవరనేదానికి సంఘం పదిహేను రోజులు తర్జనభర్జన పడింది. కుక్కది తప్పు కాదు. కుక్కని నమ్మిన ఉత్తర్వుది తప్పంటే దానికింద సంతకం ఉంది. గీత గీసినవాళ్ళది తప్పంటే అది ప్రోటోకాల్. చివరికి ఎవరి సంతకమూ లేనిది బ్లీచింగు పొడి ఒక్కటే అని తేలింది. కొత్త ఉత్తర్వు వచ్చింది.

"బ్లీచింగ్ పౌడరు శునక విధులకు ఆటంకము కలిగించు పదార్థముగా గుర్తించడమైనది. ఇకపై రోడ్లపై దీని వాడుక నిషిద్ధము. గోదాములో నిల్వ ఉన్న బస్తాలను, ఇకముందు వచ్చు బస్తాలను, శునకమునకు అందకుండ, ప్రజలకు కనబడకుండ, ఒకేసారి గాక స్వల్ప పరిమాణములలో ప్రతిదినము విసర్జించవలెను."

డీఈ గారు ఉత్తర్వు పట్టుకుని తల బాదుకున్నారు. కాలవలో పోద్దామంటే కుక్కకి అందుతుంది. చెత్తకుప్పలో వేద్దామంటే ప్రజలకి కనబడుతుంది. అబ్బులుని పిలిచి అడిగారు. "కుక్కతో తిరిగేవాడివి నువ్వే గదా, దానికి అందని చోటు ఎక్కడుందయ్యా?"

అబ్బులు ఉత్తర్వు అడిగి తీసుకుని రెండుసార్లు చదివాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆఫీసు భాష అతనికి మొదటిసారి అర్థమైంది.

"ఎత్తుమీదయితే అందదండి. మూత ఉన్నదయితే కనబడదండి. బకెట్లో కలిపి, తేట తేరాక ఆ తేట కొంచెం కొంచెం పోసెయ్యొచ్చండి."

"అలాంటి చోటు మన పరిధిలో ఉందా?"

"మంచినీళ్ళ ట్యాంకు ఉందండి."

డీఈ గారు కనుబొమలు ముడిచారు. ఆయన ఇంజనీరింగు చదివినవారే. బ్లీచింగూ మంచినీళ్ళ ట్యాంకూ రెంటికీ ఏదో సంబంధం ఉన్నట్టు, ఎప్పుడో పరీక్షకి చదివినట్టు లీలగా గుర్తొచ్చింది గాని, పూర్తిగా రాలేదు. "నీళ్ళేమీ పాడవవు గదా?" అన్నారు.

"పాడవ్వవండి. అంతకంటే పాడవ్వటానికి ఏం లేదండి."

డీఈ గారు సంతకం పెట్టారు. మర్నాడు తెల్లారేసరికి అబ్బులూ గాబ్రియేలూ కలిసి బ్లీచింగు తేట బకెట్లతో ట్యాంకు మెట్లెక్కారు. ఉత్తర్వు ప్రకారం విసర్జించారు. ఆ రోజు రిజిస్టర్లో అంకె మొదటిసారి నిజమైంది. గాబ్రియేలు దాన్ని ముందే రాసేశాడు గనక అక్షరం మార్చనక్కర్లేకపోయింది.

రెండో రోజు నీళ్ళు వదిలే వేళకి అబ్బులు బుల్లెమ్మని తీసుకుని సున్నపుబట్టీ వీధికి వెళ్ళాడు. మంగతాయారు ఇడ్లీ బండి దగ్గర నుంచి చూసింది గాని రాలేదు. ఆ కుక్క మీద ఆమెకి ఆశ పోయింది. బుల్లెమ్మ తూము పక్కన ముక్కు పెట్టింది. చుట్టూ తిరిగింది. అబ్బులు తాడు వదులు చేశాడు. బుల్లెమ్మ తుమ్మలేదు. సహజ జలధార బోర్డు గుంజకి వీపు ఆనించి, నీళ్ళలోనే, నింపాదిగా కూర్చుంది.

అబ్బులుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. జేబులోంచి బంతి తీసి దానికిచ్చాడు. తర్వాత ఎవరూ చూడకుండా గునపం ఆనించి, నాలుగో అంశాన్ని ఉల్లంఘించి, చెవి పెట్టి విన్నాడు. బుస్సుమంటోంది. ముక్కూ చెవీ ఒకటే మాట చెప్పాయి.

ధ్రువపత్రం రాసిన తర్వాత ఇరవై నాలుగ్గంటల్లో తవ్వక తప్పదు. మురిక్కాలవలో మునిగిన గొట్టానికి బొటనవేలు పట్టేంత చిల్లి, దాని పక్కన దిమ్మ కట్టినప్పుడు పడ్డ పగులు. సాయంత్రానికల్లా కొత్తగొట్టం కాలవ పైనుంచి వేశారు. ఆ వారంలో బుల్లెమ్మ ఊళ్ళో డెబ్బై మూడు చోట్ల కూర్చుంది. ప్రతిచోటా లీకు ఉంది. లీకు రహిత పట్టణమని రాసి పంపిన ఊళ్ళో వారంలో డెబ్బై మూడు లీకులెలా వచ్చాయో వివరించమని పైనుంచి కమిషనర్ గారికి తాఖీదు వచ్చింది. పాత లీకులన్నీ ఇప్పుడు క్రమబద్ధీకరించబడుతున్నాయని ఆయన జవాబు రాశారు. అది పైవాళ్ళకి నచ్చింది.

అబ్బులుకి కూడా ఒక మెమో వచ్చింది. పర్యాటక శాఖ ఫిర్యాదు మీద వచ్చింది. సున్నపుబట్టీ వీధిలోని సహజ జలధార అకస్మాత్తుగా ఎండిపోవుటకు బాధ్యులైన మీపై ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా తెలుపవలెను, అని.

మెమో జేబులో పెట్టుకుని చెల్లెలింటికి వెళ్ళాడు. సంధ్య ఆస్పత్రి నుంచి వచ్చి అప్పటికి పదిరోజులు. గడపలో కూర్చుని ఇడ్లీ తింటోంది. బుల్లెమ్మ దాని పక్కన చతికిలబడింది.

"ఇప్పుడింకేం కాయితం అన్నయ్యా?" అంది మంగతాయారు.

"ఊట ఎండగొట్టేశానంట. ఎందుకెండగొట్టావో చెప్పమంటన్నారు."

మంగతాయారు మెమో అటూ ఇటూ తిప్పి చూసింది. అన్నయ్య మొహం చూసింది. అతను నవ్వుతున్నాడో లేదో ఆమెకి తెలియలేదు. "కుక్కకి దాహంగా ఉన్నట్టుంది," అని లోపలికెళ్ళి, కొళాయి తిప్పి, గిన్నెడు నీళ్ళు పట్టుకొచ్చి బుల్లెమ్మ ముందు పెట్టింది. సంధ్యకి కూడా అదే కొళాయి నీళ్ళు గ్లాసుతో ఇచ్చింది.

బుల్లెమ్మ లేచి గిన్నెలో ముక్కు పెట్టింది. తాగలేదు. వెనక్కి జరిగి, గిన్నె ముందు ఒద్దికగా కూర్చుని, బంతి కోసం అబ్బులు వంక చూసింది. తర్వాత సంధ్య చేతిలోని గ్లాసు వాసన చూసి, అక్కడా కూర్చుంది.

"ఇదేంటి, తాగకుండా కూర్చుంటాది?" అంది మంగతాయారు.

"తాగొచ్చని చెప్తోందే," అన్నాడు అబ్బులు.

బంతి సంధ్యకిచ్చి వెయ్యమన్నాడు. ఎడమ చెవి మీద నుంచి బీడీ తీసి పక్కన పెట్టి, అక్కడే దోపుకున్న పెన్సిలు తీశాడు. మెమో తిరగేసి, మోకాలి మీద పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాశాడు. ఆసీన ధ్రువపత్రము. స్థలము, మంగతాయారు ఇంటి గడప. వస్తువు, గ్లాసుడు మంచినీళ్ళు. శునకము రెండుసార్లు ఆసీనమైనది. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, కొళాయి పైన గోడకున్న మేకుకి గుచ్చి వచ్చాడు.